పంటకోత ప్రయోగాలు - విశ్వాసస్థాయి: ఒక గణాంక భావన చరిత్ర (కోటగిరి ప్రాంత నేపథ్యం)

వ్యాససంగ్రహం:

సాంఖ్యకశాస్త్ర ప్రాథమిక పాఠాలలో విశ్వాసాంతరం ఒక సాధారణ లెక్కగా కనిపిస్తుంది. స్థాయి ఇచ్చి అంతరం కనుగొనడం అందులో మొదటి మెట్టు. అంతరం ఇచ్చి దాని స్థాయిని రాబట్టడం రెండవ మెట్టు. ఈ రెండవ లెక్కకు పాఠ్యపుస్తకానికి వెలుపల సుదీర్ఘమైన చరిత్ర ఉంది. భారతదేశంలో ఆ చరిత్ర పంట దిగుబడి అంచనాలతో, పంటకోత ప్రయోగాలతో విడదీయరానంతగా కలిసి ఉంది. విశ్వాసస్థాయి అనే భావన పుట్టుక, అది భారతీయ క్షేత్రాలకు చేరిన తీరు, దానిని లెక్కించే విధానం, దాని పరిమితులు ఈ వ్యాసంలో పరిశీలింపబడ్డాయి. నిజామాబాదు జిల్లా కోటగిరి ప్రాంతపు వరి సాగును ఉదాహరణకు నేపథ్యంగా గ్రహించడం జరిగింది.

కీలకపదాలు: విశ్వాసాంతరం, విశ్వాసస్థాయి, పంటకోత ప్రయోగం, ప్రతిచయనం, నేమన్, సుఖాత్మే, పంటల బీమా, కోటగిరి.

1. ఉపోద్ఘాతం:

నిజామాబాదు జిల్లాలో మంజీర నదికి చేరువన ఉన్న కోటగిరి, బోధన్, వర్ని, రుద్రూరు ప్రాంతాలు వరికీ చెరకుకూ పేరుపొందినవి. 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఈ నేలల స్వరూపాన్ని మార్చింది. కాలువ నీరు వచ్చిన కొద్ది ఏండ్లకే బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం వెలసింది. రుద్రూరులో చెరకు, వరి పంటల మీద పనిచేసే ప్రాంతీయ పరిశోధన స్థానం ఉంది. కర్మాగారం 2015లో మూతపడిన తరువాత చెరకు వెనుకబడింది, వరి విస్తరించింది.

ఇటువంటి ప్రాంతంలో 'ఈ ఏడు ఎకరానికి ఎన్ని బస్తాలు?' అన్న ప్రశ్న కుశలప్రశ్న వంటిది. అయితే అదే ప్రశ్నను ప్రభుత్వం అడిగినప్పుడు దాని స్వభావం మారుతుంది. దానికి వచ్చే సమాధానం మీద శిస్తు తగ్గింపు, కరువు ప్రకటన, ధాన్య సేకరణ, బీమా పరిహారం ఆధారపడతాయి. ఊరిలోని ప్రతి మడినీ కోసి తూచడం సాధ్యం కాదు. కొన్ని మడులను ఎంచుకొని, వాటి దిగుబడి నుంచి ఊరంతటి దిగుబడిని ఊహించవలసిందే. ఆ ఊహను ఎంతవరకు నమ్మవచ్చునో సంఖ్యలో చెప్పే ప్రయత్నమే విశ్వాసస్థాయి.

2. అణాల అంచనా నుంచి యాదృచ్ఛిక ప్లాటు దాకా:

ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాల వరకు భారతదేశంలో దిగుబడి అంచనా ప్రధానంగా కంటిచూపు మీద నడిచింది. పలు ప్రాంతాలలో పంటను అణాలలో లెక్కగట్టే పద్ధతి ఉండేది. పదహారణాలంటే నిండు పంట. పన్నెండణాలంటే ముప్పాతిక పంట. సంపూర్ణత్వాన్ని సూచించడానికి తెలుగువారు నేటికీ వాడుతున్న 'పదహారణాల' అనే విశేషణం ఈ లెక్కకు ఎంత దగ్గరిదో గమనింపదగినది. గ్రామాధికారి పొలం చూసి అణాలు చెప్పేవాడు, పై అధికారి దానిని సవరించేవాడు. ఈ పద్ధతిలో అంచనా ఉంది గాని, ఆ అంచనాలో దోషం ఎంతో చెప్పే మార్గం లేదు. ఒక అధికారి పన్నెండణాలనీ మరొకరు పదణాలనీ అంటే ఎవరి మాట ఎంత నమ్మదగినదో తేల్చే ప్రమాణం ఏదీ లేదు.

ఈ స్థితిని మార్చే తొలి ప్రయత్నాలలో జె. ఎ. హబ్బాక్ కృషి ముఖ్యమైనది. ఐ.సి.ఎస్. అధికారి అయిన ఆయన 1923-25 మధ్య బీహార్-ఒరిస్సా ప్రాంతంలో యాదృచ్ఛికంగా ఎంచుకొన్న చోట్ల త్రిభుజాకారపు చట్రాన్ని పరచి, అందులోని వరిని కోయించి తూయించాడు. ఆ పరిశోధన 1927లో ప్రచురితమైంది. ఎంపికలో మనిషి ఇష్టానికి చోటు లేకుండా చేస్తేనే దోషాన్ని లెక్కించడం సాధ్యమన్న గ్రహింపు ఇందులో ఉంది.

1931లో కలకత్తాలో భారతీయ గణాంక సంస్థను స్థాపించిన పి. సి. మహలనోబిస్ 1930ల చివరి నుంచి బెంగాల్‌లో జనపనార సాగుపై భారీ ప్రతిచయన సర్వేలు నిర్వహించాడు. ఒకే ప్రాంతం నుంచి రెండు స్వతంత్ర ఉపప్రతిరూపాలను వేర్వేరు బృందాలతో సేకరింపజేసి, వాటి మధ్య తేడాను బట్టి దోషాన్ని అంచనా వేయడం ఆయన పద్ధతిలోని విశేషం. మరొక వైపు పాండురంగ వాసుదేవ సుఖాత్మే, వినాయక గోవింద్ పాన్సే 1940లలో వ్యవసాయ పరిశోధన మండలి తరఫున గోధుమ, వరి, పత్తి పంటలపై యాదృచ్ఛిక పంటకోత ప్రయోగాలను వ్యవస్థీకరించారు. నేడు తెలంగాణలో అర్థగణాంక, వ్యవసాయ శాఖల సిబ్బంది చేసే పంటకోత ప్రయోగం ఈ పరంపరకు చెందినదే.

ఈ ప్రయోగ విధానం స్థూలంగా ఇట్లా ఉంటుంది. మొదట గ్రామాన్ని, తరువాత సర్వే నంబరును, ఆపై పొలాన్ని యాదృచ్ఛికంగా ఎంపిక చేస్తారు. పొలపు నైరుతి మూల నుంచి పొడవు వెంట ఎన్ని అడుగులు, వెడల్పు వెంట ఎన్ని అడుగులు నడవాలో యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక నిర్ణయిస్తుంది. వరికైతే అక్కడ ఐదు మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పుగల ప్లాటుకు తాడు కడతారు. లోపలి పంటను కోసి, నూర్చి, తూచి, ఎండబెట్టిన తరువాతి బరువుకు సరిచేస్తారు. ఆ ప్లాటు వైశాల్యం హెక్టారులో 400వ వంతు కాబట్టి, ప్లాటులో ఒక కిలో అంటే హెక్టారుకు నాలుగు క్వింటాళ్లు.

3. అంతరం అనే ఆలోచన - లాప్లాస్ నుంచి నేమన్ వరకు:

అంచనాకు అటూ ఇటూ హద్దులు చూపాలన్న ఆలోచన పంటకోత ప్రయోగాల కంటె ప్రాచీనమైనది. పందొమ్మిదవ శతాబ్ది తొలి దశకాలలో లాప్లాస్, గౌస్ ఖగోళ పరిశీలనల సందర్భంలో ఇటువంటి హద్దులను ఉపయోగించారు. అప్పటి ఆచారం 'సంభావ్య దోషం'. సగటుకు ఇరుపక్కలా సంభావ్య దోషమంత దూరం తీసుకొంటే, నిజమైన విలువ లోపల పడటానికీ వెలుపల పడటానికీ సమానావకాశం ఉంటుంది. నేటి పరిభాషలో ఇది 50 శాతం విశ్వాసస్థాయిగల అంతరం. పాత నివేదికలలో సగటు పక్కన కనిపించే కూడిక-తీసివేత గుర్తును నేటి 95 శాతంగా భ్రమించడం ఇందువల్ల పొరపాటు. ఏ అంతరాన్ని చూసినా దాని స్థాయి ఎంతో ముందుగా తేల్చుకోవలసిన అవసరం ఇక్కడనే మొదలవుతుంది.

1908లో డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు కర్మాగారంలో పనిచేసే విలియం గాసెట్ 'స్టూడెంట్' అన్న మారుపేరుతో ఒక పత్రం ప్రకటించాడు. ప్రతిరూపం చిన్నదైనప్పుడు సామాన్య విభాజన పట్టిక మోసం చేస్తుందని ఆ పత్రం చూపింది. సమష్టి ప్రామాణిక విచలనం తెలియక, దానిని కూడా ఆ నాలుగైదు పరిశీలనల నుంచే అంచనా వేసినప్పుడు అనిశ్చితి పెరుగుతుంది. ఆ పెరుగుదలను లెక్కలోకి తెచ్చేదే ఇప్పుడు 'టీ' విభాజనంగా వ్యవహరింపబడుతున్నది. రోనాల్డ్ ఫిషర్ 1925 నాటి తన గ్రంథం ద్వారా ఈ పట్టికలను వ్యాప్తిలోకి తెచ్చాడు. ఐదు శాతం అనే హద్దు ఆచారంగా స్థిరపడటానికి కూడా ఆ గ్రంథమే ప్రధాన కారణం.

విశ్వాసాంతరానికి నేటి రూపాన్నిచ్చినవాడు జెర్జీ నేమన్. పోలండులో వ్యవసాయ పరిశోధన సంస్థలో గణాంకవేత్తగా పనిచేసిన ఆయన, 1934 జూన్‌లో లండన్‌లోని రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ముందు ప్రతిచయనంపై పత్రం సమర్పించాడు. విశ్వాసాంతరం, విశ్వాసగుణకం అనే పదాలు ఆంగ్ల గణాంక సాహిత్యంలో ప్రవేశించింది ఆ పత్రంతోనే. పూర్తి సిద్ధాంతం 1937లో వెలువడింది. 1934 నాటి చర్చలో పాల్గొన్న ఆర్థర్ బౌలీ ఈ కొత్త పదంపై సందేహం వెలిబుచ్చాడు. ఆంగ్లంలో 'విశ్వాసం' అనే మాటకు 'గారడీ' అనే మాట చేరితే నమ్మించి మోసగించడం అనే అర్థం వస్తుంది. దానిపై శ్లేష చేస్తూ, ఈ విశ్వాసం అటువంటిది కాదుకదా అన్న భావాన్ని ఆయన వ్యక్తపరిచాడు. హాస్యంగా తోచినా అది మౌలికమైన ప్రశ్న. నేమన్ చెప్పే విశ్వాసం దేనిమీద?

సుఖాత్మే ఈ చరిత్రకూ భారతీయ పొలాలకూ మధ్య ప్రత్యక్షమైన వంతెన. ఆయన లండన్ యూనివర్సిటీ కాలేజీలో నేమన్, ఈగన్ పియర్సన్‌ల సన్నిధిలో పరిశోధన చేశాడు. 1935లో ఆయన ప్రకటించిన పత్రం నేమన్ ప్రతిచయన సిద్ధాంతానికి కొనసాగింపు. అక్కడ నేర్చిన సిద్ధాంతాన్ని ఆయన తిరిగివచ్చి పంటచేలలో ప్రయోగించాడు.

ఇదే కాలంలో తెలుగు నేలతో అనుబంధంగల మరొక పేరు ముందుకు వస్తుంది. 1920లో హడగలిలో తెలుగు కుటుంబంలో జన్మించి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు 1941లో కలకత్తా సంస్థలో చేరాడు. 1945లో ఆయన ప్రకటించిన పత్రం, నిష్పాక్షికమైన ఏ అంచనా అయినా ఒక పరిమితికి మించి కచ్చితం కాజాలదని నిరూపించింది. పరిశీలనలలో ఉన్న సమాచారం ఎంతో ఆ పరిమితి అంత. అదే సమాచారం నుంచి, స్థాయిని తగ్గించకుండా, అంతరాన్ని ఎంతగానైనా కుదించలేమన్న ఎరుకకు ఇది పునాది.

4. స్థాయి అంతరానిదా, పద్ధతిదా?

బౌలీ ప్రశ్నకు నేమన్ సిద్ధాంతమిచ్చే సమాధానం స్పష్టమైనది. ఊరి నిజమైన సగటు దిగుబడి స్థిరమైన సంఖ్య. అది మనకు తెలియదు, కాని మారదు. మారేది ప్రతిరూపం. మరొక నాలుగు ప్లాటులు ఎంపికైతే మరొక సగటు, మరొక అంతరం వస్తాయి. ఈ విధంగా పదే పదే ప్రతిచయనం చేస్తే, వచ్చిన అంతరాలలో నూటికి ఎన్ని ఆ స్థిరసంఖ్యను తమలో ఇముడ్చుకొంటాయో ఆ నిష్పత్తియే విశ్వాసస్థాయి. ప్రతిరూపం తీసి, అంతరం వేసిన తరువాత ఆ ఒక్క అంతరం గురించి సంభావ్యత మాట్లాడటానికి వీలులేదు. నిజమైన విలువ అందులో ఉంటుంది, లేదా ఉండదు.

బోధన్ ప్రాంతంలో చెరకు బండ్ల కాటాను ఉదాహరణగా తీసుకొంటే ఈ భేదం తేటపడుతుంది. ఒక కాటా నూటికి 95 మార్లు సరైన హద్దులలో తూకం చూపుతుందని పరీక్షలో తేలిందనుకొందాం. ఈ 95 అనేది కాటా గుణం. ఒక రైతు చేతిలోని ఒక తూకం చీటీ మాత్రం సరైనదో కాదో రెండిట ఒకటే. చీటీని రైతు నమ్ముతాడంటే కాటా మీది భరోసాతోనే. అదే తీరున అంతరాన్ని నమ్మడానికి ఆధారం దానిని ఉత్పత్తి చేసిన పద్ధతి చరిత్రే. ఒక నిర్దిష్ట అంతరానికే సంభావ్యతను ఆపాదించే మార్గం బేయీసియన్ సంప్రదాయంలో ఉంది. అయితే అందుకు నిజమైన విలువ గురించి ముందస్తు విభాజనమొకటి అంగీకరించాలి. ఆ సంప్రదాయం వేరు, దాని సంఖ్య అర్థం వేరు.

5. ఇచ్చిన అంతరం నుంచి స్థాయిని రాబట్టడం:

ప్రాథమిక పాఠంలో లెక్క సాధారణంగా స్థాయితో మొదలవుతుంది. 95 శాతం కావాలంటే పట్టికలో 1.96 తీసుకొని, దానిని ప్రామాణిక దోషంతో గుణించి, సగటుకు కలిపి, తీసివేస్తారు. విలోమ సమస్యలో అంతరం ముందే చేతిలో ఉంటుంది. దానిని నాలుగు మెట్లలో సాధించవచ్చు.

మొదటిది, అంతరపు నిడివిలో సగం తీసుకోవడం. రెండవది, ప్రామాణిక విచలనాన్ని ప్రతిరూప పరిమాణపు వర్గమూలంతో భాగించి ప్రామాణిక దోషం పొందడం. మూడవది, సగం నిడివిని ప్రామాణిక దోషంతో భాగించడం. నాల్గవది, వచ్చిన భాగఫలానికి రెండు వైపులా మధ్యలో ఉన్న సంభావ్యతను పట్టిక నుంచి చదవడం.

ఒక ఊహాత్మక ఉదాహరణ పరిశీలింపదగినది. కోటగిరి పరిసరాలలో 16 ప్లాటుల సగటు 12.5 కిలోలు, గత అనుభవం వల్ల తెలిసిన ప్రామాణిక విచలనం 2 కిలోలు, ప్రకటించిన అంతరం 11.7 నుంచి 13.3 కిలోల వరకు అనుకొందాం. నిడివిలో సగం 0.8. ప్రామాణిక దోషం 2ను 4తో భాగించగా 0.5. భాగఫలం 1.6. సామాన్య విభాజన పట్టికలో 1.6 వరకు ఎడమవైపు మొత్తం వైశాల్యం 0.9452. విద్యార్థులు తరచుగా ఇక్కడనే ఆగి 94.5 శాతమని రాస్తారు. కాని అది ఎడమ కొసను కూడా కలుపుకొన్న సంఖ్య. కుడికొస 0.0548, ఎడమకొస కూడా అంతే. రెండూ తీసివేయగా మిగిలేది 0.8904. ఆ అంతరపు విశ్వాసస్థాయి 89 శాతం.

ఈ లెక్కలో మూడు రాశులు ఒకదానినొకటి పట్టి ఉంచుతాయి: అంతరపు నిడివి, ప్రతిరూప పరిమాణం, స్థాయి. రెండు నిర్ణయిస్తే మూడవది తనంత తానే నిర్ణయమవుతుంది. అంతరం ఇరుకుగానూ, స్థాయి ఎత్తుగానూ, ప్లాటులు తక్కువగానూ ఉండాలని కోరడం సాధ్యంకాని కోరిక.

6. నాలుగు ప్లాటులు, ఒకే అంతరం, మూడు స్థాయిలు:

ప్రధానమంత్రి ఫసల్ బీమా యోజన 2016 ఖరీఫ్‌లో అమలులోకి వచ్చింది. దాని మార్గదర్శకాల ప్రకారం ప్రధాన పంటకు గ్రామం యూనిట్ అయినచోట కనీసం నాలుగు, మండలం యూనిట్ అయినచోట కనీసం పది పంటకోత ప్రయోగాలు జరపాలి. అంతకు ముందరి జాతీయ వ్యవసాయ బీమా పథకంలో గ్రామ పంచాయతీకి ఎనిమిది ఉండేవి. నాలుగు ప్లాటులు ఎంత చెప్పగలవన్నది ఇక్కడ ప్రశ్న.

ఒక ఊరిలో నాలుగు ప్లాటుల దిగుబడి 11.5, 12.0, 13.0, 13.5 కిలోలు అనుకొందాం. సగటు 12.5 కిలోలు, అంటే హెక్టారుకు 50 క్వింటాళ్లు. ఈ నాలుగింటి నుంచి గణించిన ప్రామాణిక విచలనం 0.913, ప్రామాణిక దోషం 0.456. అంతరంగా 11.5 నుంచి 13.5 వరకు తీసుకొంటే సగం నిడివి 1 కిలో, భాగఫలం 2.19.

ఈ భాగఫలాన్ని సామాన్య విభాజన పట్టికలో చూస్తే స్థాయి 97.2 శాతంగా కనిపిస్తుంది. అది తప్పు. ప్రామాణిక విచలనం ముందే తెలిసినది కాదు, ఆ నాలుగు ప్లాటుల నుంచే అంచనా వేసినది. స్టూడెంట్ పట్టికలో 3 స్వేచ్ఛాంకాల దగ్గర చూడాలి. అక్కడ స్థాయి 88.4 శాతం మాత్రమే. వెలుపల పడే అవకాశం మొదటి పట్టిక ప్రకారం నూటికి మూడు లోపు, రెండవ పట్టిక ప్రకారం పదకొండు దాటినది. గాసెట్ 1908లో హెచ్చరించినది సరిగా ఈ తేడా గురించే.

ఏ పట్టికా అవసరం లేని మూడవ మార్గం కూడా ఉంది. విలియం థాంప్సన్ 1936లో మధ్యగతానికి విశ్వాస హద్దులను పరిశీలనల వరుస నుంచే నిర్ణయించే విధానాన్ని వివరించాడు. ఊరిలోని పొలాలలో సగం మధ్యగతం కంటె తక్కువ, సగం ఎక్కువ దిగుబడి ఇస్తాయి. యాదృచ్ఛికంగా తీసిన నాలుగు ప్లాటులూ మధ్యగతానికి పైననే పడే అవకాశం సగాన్ని నాలుగుమార్లు గుణించగా 16లో 1వ వంతు. నాలుగూ క్రిందనే పడే అవకాశమూ అంతే. ఈ రెండు సందర్భాలలో తప్ప, కనిష్ఠ గరిష్ఠ విలువల మధ్య మధ్యగతం తప్పక ఉంటుంది. కనుక 11.5 నుంచి 13.5 వరకు ఉన్న అదే అంతరానికి మధ్యగతం విషయంలో విశ్వాసస్థాయి 8లో 7 వంతులు, అనగా 87.5 శాతం. దిగుబడులు సామాన్య విభాజనాన్ని అనుసరిస్తాయన్న ఊహ కూడా ఇందుకు అక్కరలేదు.

ఒకే అంతరానికి 97.2, 88.4, 87.5 అనే మూడు సంఖ్యలు వచ్చాయి. మొదటిది తగని పట్టిక ఫలితం. మిగిలిన రెండూ వేర్వేరు ఊహలపై, వేర్వేరు పరామితుల గురించి చెప్పిన సరైన మాటలు. అంతరాన్ని మాత్రమే చూసి స్థాయిని చెప్పలేమనీ, అది ఏ పద్ధతి నుంచి, ఏ ఊహలతో, ఏ పరామితి కోసం వచ్చిందో తెలిసి తీరాలనీ ఈ ఉదాహరణ స్పష్టం చేస్తుంది.

7. స్థాయి చెప్పనిది - పక్షపాత దోషం:

విశ్వాసస్థాయి యాదృచ్ఛిక దోషాన్ని మాత్రమే కొలుస్తుంది. కొలతలోనే ఒక వైపు మొగ్గు ఉంటే అది ఆ సంఖ్యలో కనిపించదు. భారతీయ గణాంక చరిత్రలో దీనికి ప్రసిద్ధమైన ఉదాహరణ ప్లాటు పరిమాణంపై 1940లలో జరిగిన వివాదం. చిన్న కోతలు చాలినన్ని తీస్తే ఖర్చు తగ్గి కచ్చితత్వం పెరుగుతుందని మహలనోబిస్ పక్షం. చాలా చిన్న ప్లాటులు దిగుబడిని ఎక్కువ చేసి చూపుతాయని సుఖాత్మే 1946లో 'నేచర్' పత్రికలో ప్రకటించాడు. హద్దు తాడు మీద నిలిచిన దుబ్బు లోపలిదా వెలుపలిదా అన్న సందేహం వచ్చినప్పుడు కోసేవారి చేయి లోపలికే లాగుతుంది. ప్లాటు చిన్నదయ్యేకొద్దీ వైశాల్యంతో పోల్చినప్పుడు హద్దు పొడవు పెరుగుతుంది, దానితో ఈ మొగ్గు కూడా పెరుగుతుంది.

పైన చెప్పిన 16 ప్లాటుల ఉదాహరణలో దీని ప్రభావాన్ని లెక్కించవచ్చు. ప్రతి ప్లాటులోనూ సగటున అరకిలో అధికంగా వస్తున్నదనుకొందాం. అది ఒక ప్రామాణిక దోషానికి సమానం. అప్పుడు అంతరం నిజమైన విలువను ఇముడ్చుకొనే అవకాశం 89 శాతం నుంచి సుమారు 72 శాతానికి పడిపోతుంది. అయినా కాగితం మీద లెక్క 89 అనే చెబుతుంది. ప్లాటుల సంఖ్య పెంచితే ఈ లోపం తీరదు సరికదా, అంతరం ఇరుకై తప్పు విలువ చుట్టూ మరింత గట్టిగా బిగుసుకొంటుంది. ఎంపికైన పొలం దూరమని గట్టు పక్క పొలంలో తాడు కట్టినా, తడి ధాన్యం బరువును సరిచేయకున్నా ఫలితం ఇటువంటిదే. తాడు సరిగా కట్టడం, యాదృచ్ఛిక సంఖ్యను పాటించడం కార్యాలయ నిబంధనలు మాత్రమే కావు, విశ్వాసస్థాయి అనే సంఖ్యకు అర్థమిచ్చేవి అవే.

8. బీమా లెక్కలో విశ్వాసస్థాయి:

2016 నాటి ఫసల్ బీమా పద్ధతిలో యూనిట్‌కు ఒక ప్రారంభ దిగుబడి నిర్ణయమయ్యేది. పంటకోత ప్రయోగాల సగటు దానికంటె తగ్గితే, తగ్గిన మేరకు నిష్పత్తిలో పరిహారం లభించేది. అక్కడ లెక్కలోకి వచ్చింది సగటు ఒక్కటే. అంతరానికీ దాని స్థాయికీ పరిహార సూత్రంలో చోటు లేదు.

పై గ్రామానికి ప్రారంభ దిగుబడి హెక్టారుకు 53 క్వింటాళ్లనుకొందాం. నాలుగు ప్లాటుల సగటు 50 కాబట్టి లోటు 5.7 శాతం. లక్ష రూపాయల బీమా మొత్తానికి పరిహారం సుమారు 5,660 రూపాయలు. ఇప్పుడు 95 శాతం విశ్వాసాంతరం వేస్తే, 3 స్వేచ్ఛాంకాలకు పట్టిక విలువ 3.182, సగం నిడివి 1.45 కిలోలు. అంతరం హెక్టారుకు 44.2 నుంచి 55.8 క్వింటాళ్లు. క్రింది హద్దు నిజమైతే పరిహారం సుమారు 16,600 రూపాయలు కావాలి. పై హద్దు నిజమైతే ఏమీ రాకూడదు. నాలుగు ప్లాటులు ఈ రెండు స్థితులలో దేనినీ 95 శాతం స్థాయిలో త్రోసిపుచ్చలేవు.

విలోమ లెక్క ఇక్కడ సూటిగా ఉపయోగపడుతుంది. దిగుబడి 53 క్వింటాళ్లకు, అనగా ప్లాటుకు 13.25 కిలోలకు మించలేదని చెప్పే ఏకపార్శ్వ అంతరపు స్థాయి ఎంత? సగటుకూ ఈ హద్దుకూ దూరం 0.75. ప్రామాణిక దోషంతో భాగిస్తే 1.64. స్టూడెంట్ పట్టిక ప్రకారం స్థాయి 90 శాతం. లోటు ఉన్నదన్న మాటకు 90 శాతం స్థాయిలో ఆధారముంది, 95 శాతం స్థాయిలో లేదు. విచలనం ఇంతే ఉండి ప్లాటులు ఎనిమిది అయితే, 95 శాతం అంతరపు సగం నిడివి 1.45 నుంచి 0.76 కిలోలకు, దాదాపు సగానికి తగ్గుతుంది. ప్రయోగాల సంఖ్యను ఎనిమిది నుంచి నాలుగుకు తగ్గించడంలో శ్రమ, ఖర్చు ఆదా అవుతాయి. ఆ ఆదాకు మూల్యం అంతరపు నిడివి రూపంలో రైతూ బీమా సంస్థా చెల్లిస్తారు. తెలంగాణ 2020లో ఈ పథకం నుంచి వైదొలిగింది. పథకం ఏదైనప్పటికీ, దిగుబడిని ప్రతిరూపం నుంచి నిర్ణయించినంత కాలం ఈ ప్రశ్న నిలిచే ఉంటుంది.

9. పదం - భావన:

1968లో ఏర్పడిన తెలుగు అకాడమి ఉన్నతవిద్యకు తెలుగులో పాఠ్యగ్రంథాలు సమకూర్చే పని చేపట్టింది. సాంఖ్యకశాస్త్ర పరిభాష స్థిరపడటంలో ఆ కృషికి ప్రధానస్థానం ఉంది. పరిభాషలో 'విశ్వాసం' అనే పదాన్ని గ్రహించడం ఆంగ్లపదానికి సమీపమైన ఎంపికే. కాని తెలుగులో విశ్వాసం మనిషి మనసులో ఉండేది. కుక్కకు విశ్వాసం, సేవకునికి విశ్వాసం, భక్తునికి విశ్వాసం అన్నప్పుడు ఆ గుణం ఒక వ్యక్తికో ప్రాణికో చెందుతుంది. అందువల్ల '95 శాతం విశ్వాసం' అన్నది వినగానే చెప్పేవారి మనసులోని నమ్మకపు పాళ్లని విద్యార్థి గ్రహిస్తాడు. నేమన్ మాతృభాష పోలిష్‌లో ఈ భావనకు వాడే పదం కూడా భరోసా అనే అర్థమిచ్చేదే. అంటే ఈ చిక్కు తెలుగుకు ప్రత్యేకం కాదు, భావనతో పాటు పుట్టినదే.

ఈ కారణంగా పదాన్ని మార్చవలసిన పని లేదు. బోధనలో షష్ఠీ విభక్తిని సరైన చోట నిలిపితే చాలు. 'ఈ అంతరపు విశ్వాసం' అన్న చోట 'ఈ అంతరాన్నిచ్చిన పద్ధతి విశ్వాసస్థాయి' అని చెప్పించగలిగితే, నేమన్‌కూ బౌలీకీ మధ్య జరిగిన చర్చ సారం విద్యార్థికి అందినట్లే.

10. ముగింపు:

- విశ్వాసస్థాయి భావన వ్యవసాయ, ప్రతిచయన సమస్యల నుంచి ఎదిగింది. భారతదేశంలో అది హబ్బాక్, మహలనోబిస్, సుఖాత్మే, పాన్సేల కృషి ద్వారా పంటచేలకు చేరింది.
- అంతరం నుంచి స్థాయిని రాబట్టడానికి సగం నిడివి, ప్రామాణిక దోషం, తగిన పట్టిక అవసరం. చిన్న ప్రతిరూపాలకు సామాన్య విభాజన పట్టిక వాడితే స్థాయి అసలు కంటె ఎక్కువగా కనిపిస్తుంది.
- ఒకే అంతరానికి పద్ధతినీ పరామితినీ బట్టి వేర్వేరు స్థాయిలు ఉండవచ్చు. స్థాయి పద్ధతి గుణం.
- కొలతలోని పక్షపాత దోషం స్థాయిలో ప్రతిఫలించదు. ప్రయోగ నియమాలను పాటించడమే దానికి రక్ష.
- పంట దిగుబడి ప్రకటనలో సగటుతో పాటు అంతరాన్ని, దాని స్థాయిని, ప్లాటుల సంఖ్యను కూడా వెల్లడించడం అవసరం. అప్పుడే కోటగిరి వంటి మండలంలో రైతు తనకు వచ్చిన సంఖ్యను ప్రశ్నించడానికైనా, అంగీకరించడానికైనా ఆధారం ఏర్పడుతుంది. అణాల లెక్క నుంచి ప్లాటు లెక్కకు మారిన శతాబ్ది ప్రయాణం ఉద్దేశించిన ప్రయోజనం కూడా ఇదే.